లోకం ఒప్పుకోని మూలం

కథలు, నవలలు, సినిమాలు, చివరికి పెళ్లి పిలుపుల దాకా స్త్రీల దృష్టితో చదివాం. తెలుగు వాచకాల్లో, సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో ఆడపిల్ల ఎక్కడుందో, ఏం చేస్తోందో వెతికాం. లెక్కల పుస్తకం జోలికి మాత్రం పెద్దగా పోలేదు. అంకెలకు ఆడా మగా ఏమిటి అనుకున్నాం. నిజానికి పదో తరగతి లెక్కల పుస్తకం నిండా కథలే. రెండు మూడు వాక్యాల కథలు. వాటిల్లో పాత్రలకు పేర్లుంటాయి, జీతాలుంటాయి, వయసులుంటాయి. పదిహేనేళ్ల పిల్లలు ఒక్కొక్క కథనూ మళ్లీ మళ్లీ చదువుతారు. ఇంత శ్రద్ధగా చదివే పాఠకులు మన రచయిత్రుల్లో ఎందరికి దొరుకుతారు?

దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. లెక్కలో కథ పైపొట్టు, ఒలిచేస్తే లోపల ఉండేది సమీకరణం, పొట్టు గురించి ఇంత రాద్ధాంతం దేనికి అని. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో ఒక వర్గ సమీకరణంతోనే చూద్దాం.

ఎన్సీఈఆర్టీ వారి 2006 నాటి పదో తరగతి గణితంలో ఒక లెక్క ఉంది. రోహన్ తల్లి అతనికంటే 26 ఏళ్లు పెద్దది. మూడేళ్ల తర్వాత వాళ్లిద్దరి వయసుల లబ్ధం 360 అవుతుంది. రోహన్ ఇప్పటి వయసు కనుక్కోవాలి. సమీకరణం రాసి సాధిస్తే రెండు మూలాలొస్తాయి: ఒకటి 7, రెండోది రుణ 39. బీజగణితం దృష్టిలో రెండూ సమానమే. రెండూ సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. అయినా "వయసు రుణాత్మకం కాదు కాబట్టి" అని రాసి రెండోదాన్ని కొట్టేస్తాం. ఆ కొట్టివేత సమీకరణం చేసింది కాదు, కథ చేసింది. ఏ జవాబు చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చే అధికారం కథ చేతిలో ఉన్నప్పుడు దాన్ని పొట్టు అని ఎలా అంటాం?

ఇదే కథలో ఇంకొకటి గమనించండి. కొడుక్కి పేరుంది, తల్లికి లేదు. ఆమె వయసు 33 అని లెక్క కట్టవచ్చు, కానీ ఎవరూ అడగరు. ఆమె ఆ లెక్కలో ఉన్నది 26 అనే తేడాను మోయడానికే.

ఈ కొట్టివేత సంగతి భాస్కరాచార్యుడికి బాగా తెలుసు. ఆయన బీజగణితంలో కోతుల లెక్క ఒకటుంది. మందలో అయిదో వంతులోంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒకటి మాత్రం చెట్టెక్కి కనిపిస్తోంది. మంద ఎంత? 50 అన్నా సరిపోతుంది, 5 అన్నా సరిపోతుంది. కానీ 5లో అయిదో వంతు 1. అందులోంచి 3 ఎలా తీస్తాం? వర్గం చేస్తే రుణం మాయమై లెక్క కుదురుతుంది, నిజమే. అయినా ఆయన 5ని పక్కన పెట్టాడు. రుణసంఖ్య లోకానికి నమ్మకం కలిగించదని కారణం చెప్పాడు. అంటే గణితం ఒప్పుకున్నదాన్ని లోకం ఒప్పుకోలేదు. ఆ లోకం ఎవరిది అన్నది మనం అడగవలసిన ప్రశ్న.

లోకం ఒప్పుకోనివి ఉన్నట్టే, ఇట్టే ఒప్పుకునేవీ ఉంటాయి. 1150లో ఆ భాస్కరాచార్యుడే రాసిన లీలావతిని చూడండి. అందులో చాలా లెక్కలు ఒక యువతిని ఉద్దేశించి అడిగినవి. లేడికళ్లదానా అని, బాలా అని ముద్దుగా పిలుస్తాడు. తుమ్మెదల గుంపు లెక్క వర్గ సమీకరణమే, జవాబు 72. తామరలో చిక్కుకున్న మగ తుమ్మెద, బయట తిరిగే ఆడ తుమ్మెద, మధ్యలో లెక్క చెప్పమని అడగబడే స్త్రీ. ఎంత అందమైన పిలుపు!

అదే పుస్తకంలో విలోమ త్రైరాశికానికి ఇచ్చిన ఉదాహరణ చూడండి. పదహారేళ్ల స్త్రీ ధర 32 నిష్కాలైతే ఇరవయ్యేళ్ల స్త్రీ ధర ఎంత? జవాబు 25, ఇంకా అయిదింట మూడు నిష్కాలు. ఆ శ్లోకంలోనే రెండో సగం ఎద్దు ధర. 1817లో కోల్‌బ్రుక్ ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు ఆమెను బానిస స్త్రీ అని రాశాడు, మూలంలో ఉన్నది స్త్రీ అనే. ఇది ఏదో దొర్లిన ఉదాహరణ కూడా కాదు. ప్రాణుల ధరను వయసును బట్టి కట్టేటప్పుడు విలోమం వాడాలని సూత్రంలోనే ఉంది. వయసు పెరిగితే స్త్రీ విలువ తగ్గుతుందన్నది ఆ లెక్కలో రుజువు చేయవలసిన విషయం కాదు. అది దత్తాంశం. మందలో అయిదు కోతులుండటం ఒప్పుకోని లోకం, దీన్ని అడ్డు చెప్పకుండా ఒప్పుకుంది.

లీలావతి పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేది వేరే కథ. నీటి గడియారంలో ముత్యం పడి కూతురి పెళ్లి ముహూర్తం తప్పిపోయిందని, తండ్రి ఆమె పేరు నిలిపేందుకు పుస్తకం రాశాడని. ఆ కథ గ్రంథంలో లేదు. 1587లో ఫైజీ చేసిన పారశీక అనువాదం ముందుమాటలో ఉంది. పెళ్లి కాని కూతురి కథ నాలుగు వందల ఏళ్లుగా మన నోళ్లలో నానుతోంది. ధర కట్టిన స్త్రీ లెక్క మాత్రం ఎవరి నోటా రాదు.

ఆ కాలం వేరు, ఇప్పుడు స్త్రీల ధర ఏ పుస్తకంలోనూ లేదు అంటారు. నిజమే. ఎన్సీఈఆర్టీ పుస్తకం అంకశ్రేఢుల పాఠాన్ని రీనా ఉద్యోగంతో మొదలుపెట్టింది. నెలకు 8000 జీతం, ఏడాదికి 500 పెంపు. కూతురి డబ్బాలో మొదటి పుట్టినరోజుకు 100, ఆపైన ఏటేటా 50 పెంచి వేసే షకీలా ఉంది. కూతురికి 21 ఏళ్లు వచ్చేసరికి 12,600 రూపాయలవుతాయి. ఆడవాళ్ల పేర్లు కావాలని చేర్చారని తెలుస్తూనే ఉంది. ఆ మేరకు మెచ్చుకోవాలి.

కానీ అదే పాఠంలో పక్కపక్కనే ఉన్న రెండు లెక్కలు కలిపి చదవండి. సుబ్బారావు 1995లో ఏడాదికి 5000 జీతంతో చేరాడు, ఏటా 200 పెరిగింది, 7000 ఎప్పుడవుతుంది? రాంకలీ మొదటి వారం 5 రూపాయలు దాచింది, వారం వారం 1.75 పెంచింది, 20.75 ఎన్నో వారంలో దాస్తుంది? గణితం ఒక్కటే, మొదటి పదం, పదాంతరం, ఎన్నో పదం. ఆయనది ఆదాయం, ఆమెది పొదుపు. ఆయన శ్రేఢి దానంతటదే పెరుగుతుంది, ఆమె శ్రేఢి పెరగాలంటే ఆమె ఏదో ఒకటి తగ్గించుకోవాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క చెప్పదు.

రీనా దగ్గరకే మళ్లీ వద్దాం. అంకశ్రేఢికి ఒక షరతుంది, మధ్యలో తెగకూడదు. విరామం లేకుండా పనిచేస్తే పదో ఏట ఆమె నెల జీతం 12,500. మూడేళ్లయ్యాక బిడ్డ కోసం రెండేళ్లు జీతం లేని సెలవు పెట్టి, ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెడితే పదో ఏట 11,500. పోయింది రెండేళ్ల జీతమే అనుకుంటాం. కానీ ఆ నెలకు 1000 తేడా ఆమె ఉద్యోగం చేసినన్నాళ్లూ వెంట వస్తుంది. ఈ లెక్కకు కావలసిన గణితమంతా ఆ పాఠంలోనే ఉంది. అడగడమే లేదు.

జీతం అనే మాట కూడా దక్కని స్త్రీలున్నారు. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేది గౌరవ వేతనం. అందులో కేంద్రం నిర్ణయించిన మొత్తం 1500 ఉండేది, 3000 అయింది, తర్వాత 4500 అయింది. సంఖ్యలు మాత్రమే చూస్తే చక్కటి అంకశ్రేఢి, పదాంతరం 1500. పక్కన తేదీలు రాయండి. 3000 అయింది 2011 ఏప్రిల్‌లో, 4500 అయింది 2018 అక్టోబర్‌లో. ఒక పదానికీ ఇంకో పదానికీ మధ్య ఏడున్నరేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టి 42 రోజులు వాళ్లు సమ్మె చేశారు. అడిగిన వాటిలో జీతం పెంపు ఉంది, గ్రాట్యుటీ ఉంది. సుబ్బారావుకి ఏటా అడక్కుండా వచ్చే పదాంతరం కోసం వాళ్లు రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది.

పేర్లు మార్చి సుబ్బారావు స్థానంలో సుబ్బలక్ష్మిని పెడితే సరిపోదు. ఏ సంగతి దత్తాంశమో, ఏది అడగదగిన ప్రశ్నో, ఏ జవాబు లోకానికి చెల్లుతుందో, వీటిని నిర్ణయించే చోట మార్పు రావాలి. ఆ పని లెక్కల టీచర్ల మీదే వదిలేయకూడదు. కథను చదవడం తెలిసినవాళ్లం మనం. పాఠ్యపుస్తకాల మీద వ్యాసం రాసే ప్రతిసారీ తెలుగు వాచకంతో పాటు లెక్కల పుస్తకం కూడా తెరుద్దాం. మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఆ పుస్తకం అందుబాటులోనే ఉంటుంది. రోహన్ తల్లి పేరేమిటని వాళ్లను అడగండి. పుస్తకంలో ఇవ్వలేదంటారు. ఎందుకివ్వలేదో వాళ్లతో కలిసి ఆలోచించండి.