గాలిని బట్టి పటం

బాపులపాడు చుట్టుపక్కల మామిడి పూతకొచ్చే వేళకే సంక్రాంతీ వస్తుంది. అప్పుడు గాలిపటం కట్టేవాళ్ల చేతులు చూడాలి. కొబ్బరి ఈనె గీరి, వేలిమీద నిలిపి తూకం చూస్తారు. కాగితం ఎవరైనా అంటిస్తారు. పనితనమంతా సూత్రం (పటాన్ని దారానికి తగిలించే కట్టు) కట్టడంలోనే ఉంది. ముడి కాస్త పైకి జరిపితే పటం గాలికి తల వంచి లాగుడు తగ్గించుకుంటుంది. కిందికి జరిపితే ఎదురొడ్డి దారాన్ని గుంజుతుంది. మరీ కిందికైతే అసలు లేవదు.

గాలి వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలు. సన్నగాలిలో రెండడుగుల పటం ఎంత లాగుతుందో, రెట్టింపు వడిలో అడుగు పటం అంతే లాగుతుంది. కాగితం మీద ఈ లెక్క వేయకుండానే, మామిడాకుల కదలిక చూసి ఏ పటం తీయాలో చెప్పేస్తారు! సముద్రం మీద కైట్‌సర్ఫింగ్ చేసేవాళ్లదీ ఇదే విద్య. మందగాలికి 12 చదరపు మీటర్ల పటం, గాలి ముదిరితే 7. చేతికడ్డీ దగ్గరికి లాక్కుంటే బలం, వదిలితే ఊరట. ఆ కడ్డీ పని ఇక్కడ ఒక్క ముడి చేస్తుంది.

 

గాలి మరీ రేగితే తోకకు ఇంకో మూరెడు గుడ్డపీలిక ముడేస్తారు. గింగిరాలు ఆగి, పటం నిలుస్తుంది.