కాటుకీ సూదికీ మధ్య

మా చల్లపల్లి కుర్రాడొకడు ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్నాడు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ (ఎస్‌టీఎస్)కి దరఖాస్తు పెడతానంటూ ప్రతిపాదన పట్టుకొచ్చాడు. వైద్య విద్యార్థులకు పరిశోధన రుచి చూపించాలని 1979లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ అది. కాలేజీలో ఒక అధ్యాపకుడు గైడుగా ఉండాలి, రెండు నెలల్లో పని తేల్చి నివేదిక ఇవ్వాలి. ఫిజియాలజీ చెప్పి రిటైరైన నాకు ఇలాంటి కాగితాలు దిద్దే అలవాటు ఇంకా పోలేదు.

శీర్షిక చూశాను: 'దివిసీమలో పాముకాట్లు: కారణాలు, చికిత్స, నివారణ'.

"ఇది రెండు నెలల పనా, రెండు జన్మల పనా నాయనా?"

రీసెర్చ్ అనగానే పిల్లల కళ్లకు కొత్త మందే కనబడుతుంది. యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ మనం చెప్పే తీరూ అలాగే ఉంటుంది. బోస్టన్‌లో దిగారు, ఆస్పత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసి చదివారు, మందులు కనిపెట్టారు అంటాం. నడుమ ఉన్నది దాటేస్తాం. 1925లో తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించింది ఒక కొలత. భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి తేల్చే పద్ధతి. అది చేతిలో ఉండబట్టే కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్ పట్టుబడింది. నన్నడిగితే ఆయన చేసిన పనులన్నిటిలోకీ నాకు ఇష్టమైనది ఆ నీలిరంగే. ఫిజియాలజీ వాడి పక్షపాతం అనుకోండి.

"అయితే నేనేం కొలవాలి మాస్టారూ?"

కాటు పడ్డ వేళ నుంచి విషానికి విరుగుడైన యాంటీవీనం మొదటి మోతాదు ఎక్కేదాకా ఎంతసేపు పట్టింది, ఆ మధ్యలో మనిషి ఎక్కడెక్కడ ఆగాడు. అంతే. రక్తంలో తిరిగే విషాన్నే ఆ మందు పట్టగలదు. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీశాక ఎన్ని సీసాలు ఎక్కించినా ఆ నష్టాన్ని అది పూడ్చలేదు. 2018లో ఈ ప్రాంతంలో కాట్లు పెరిగితే మోపిదేవి గుడిలో సర్పశాంతి చేయించారు. చేయించనీండి, మనకు పేచీ లేదు. కాటు పడ్డవాణ్ణి పసరు మందు వేసేవాడి దగ్గర ఎంతసేపు కూర్చోబెట్టారో మాత్రం ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

రెండు నెలలు ఎప్పుడన్నది ఇంకో చిక్కు. ఎండాకాలం సెలవుల్లో తేలిక, కానీ కేసులు వచ్చేది వానలు పడి ఊడ్పులు మొదలయ్యాక. క్లాసులా, కేసులా అని వాడికి బెంగ. పైగా స్టైపెండు చేతికొచ్చేది నివేదిక ఆమోదించాకే. కేసుల కోసం తిరిగే అవనిగడ్డ బస్సు చార్జీలు, జిరాక్సులు ముందు ఇంట్లోవాళ్ల జేబులోంచే పోవాలి. కౌలురైతు కొడుకుని పరిశోధనలోకి పిలుస్తూ పెట్టుబడి నువ్వే పెట్టుకో అనడం నాకు మింగుడు పడదు. సగమైనా ముందివ్వాలి.

ఎథిక్స్ కమిటీకి రోగుల అంగీకార పత్రం కూడా కావాలి. వాడు తెలుగులో రాసింది నాకే కొరుకుడు పడలేదు. వాళ్ల నాన్నకు చదివి వినిపించమన్నాను. ఆయన ఓపిగ్గా విని, "ఇంతకీ నేను ఒప్పుకోకపోతే వైద్యం చెయ్యరా?" అని అడిగాడట.

ఒప్పుకోకపోయినా వైద్యం ఆగదన్న మాట ఆ కాగితంలో ఉంది, కానీ రెండో పేజీ అడుగున. ఇప్పుడు దాన్ని మొదటి వాక్యంగా పెట్టాం.