ఎవరి అలసటకు ఏ సెలవు?

సంక్రాంతి అరిసెల డబ్బా ఖాళీ అయ్యేసరికి మన ఇళ్లలో వేసవి సెలవుల మాట మొదలవుతుంది. ఒకరు ఊటీ అంటారు. ఒకరు కాశీ అంటారు. అమ్మమ్మగారి ఊరు ఉండగా ఇవన్నీ ఎందుకంటారు ఇంకొకరు. ఎక్కడికీ వద్దు, నన్ను కాసేపు పడుకోనివ్వండి అనేవాళ్లూ ఉంటారు. చివరికి గట్టిగా పట్టుబట్టినవాళ్ల ఊరే ఖాయమవుతుంది, మిగిలినవాళ్లు సర్దుకుంటారు. సర్దుకున్నవాళ్లెవరో తర్వాత ఫొటోలు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని తిరిగాక నాకు గట్టిగా తోచింది ఒక్కటే. తగవు ఊరి దగ్గర వస్తున్నట్టు కనిపిస్తుంది గానీ దాని వేరు వేరేచోట ఉంది. ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో పనితో అలసిపోయి ఉంటారు. ఆ అలసట తీరే చోటే వాళ్లకు మంచి సెలవు. అందుకే ఎక్కడికి వెళ్దామని అడిగే ముందు ఎవరు దేనితో విసిగిపోయారో అడగాలి.

మా ఆయన చాలాకాలం మెడికల్ రిప్రజెంటేటివ్‌గా పనిచేశారు. ఏలూరు, భీమవరం, నరసాపురం అంటూ నెలలో సగం రోజులు బస్సుల్లోనూ లాడ్జీల్లోనూ గడిచిపోయేవి. చేతిలో బ్యాగుతో డాక్టరుగారి గది బయట రాత్రి పొద్దుపోయేదాకా నిలబడటం ఆయన ఉద్యోగం. అలాంటి మనిషి ముందు హోటలు గది ఫొటో పెట్టి, చూడండి ఎంత బాగుందో అంటే ఏం సంతోషిస్తారు? ఆయన కోరుకునే సెలవులో తన మంచం ఉంటుంది, తన దిండు ఉంటుంది, మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, కాస్త నెయ్యి ఉంటాయి. సాయంత్రం లుంగీ మీదే మేడెక్కి తొట్లలో మొక్కలకు నీళ్లు పోసుకోవాలి. బద్ధకస్తుడని బంధువులు అంటుంటారు. ఏడాదంతా ఊళ్లు తిరిగిన కాళ్లు ఇల్లు అడగడంలో బద్ధకం ఏముంది?

మా అమ్మాయి సంగతి వేరు. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఉండి చదివింది. తెల్లవారకముందే బెల్లు, క్లాసులు, స్టడీ అవర్లు, వారం చివర పరీక్ష, ఆ వెంటనే మార్కుల జాబితా. పరీక్షలై ఇంటికి వచ్చాక పిల్ల చేసిన మొదటి పని నిద్రపోవడం. చూడవచ్చిన చుట్టాలు, ఇదేం పడకమ్మా, ఎక్కడికైనా తీసుకెళ్లకపోయారా అన్నారు. నేను గది తలుపు దగ్గరగా వేసి వాళ్లను వరండాలోకి తీసుకెళ్లాను. బెల్లు లేని పొద్దున్నే ఆ పిల్లకు కావలసిన కొడైకెనాల్. తెలుగునాట హాస్టళ్ల నుంచి ఇళ్లకు తిరిగొచ్చే పిల్లలందరి తరఫునా ఈ మాట చెబుతున్నాను. మొదటి వారం వాళ్లను లేపకండి.

రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు మళ్లీ ఇంకో రకం సెలవు కావాలి. హైదరాబాదులో కంప్యూటరు ముందు వారమంతా గడిపే మా తమ్ముడికి విశ్రాంతి అంటే తిరుమల కాలినడక. అలిపిరి దారిలో మెట్లు 3,550. గాలిగోపురం దాకా ఎక్కేసరికే చొక్కా తడిసి ముద్దవుతుంది. తర్వాత కాస్త చదునుగా సాగిన దారి, చివర మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిట్టనిలువుగా లేస్తుంది. అక్కడ కొందరు మోకాళ్ల మీద ఎక్కుతుంటారు. మెట్టు మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడుతూ ఎక్కే ఆడవాళ్లుంటారు, నడుం వంచి లేస్తూ వంచి లేస్తూ. పైకి చేరాక ఒళ్లు పులిసిపోతుంది గానీ తల తేలికవుతుందంటాడు మా తమ్ముడు. ఒళ్లు కదలక అలసిన మనిషికి ఒళ్లు అలిసేలా నడవడమే మందు. వాడిని సముద్రం ఒడ్డున పడక కుర్చీలో కూర్చోబెడితే గంటలో ఫోను తీసి ఆఫీసు మెయిళ్లు చూసుకుంటాడు.

ఇక మా అత్తయ్యగారు. ఆవిడ తన ఊరి ఆడవాళ్లతో కలిసి కాశీ టూరు బస్సెక్కితే నేనూ తోడు వెళ్లాను. మనవైపు నుంచి వెళ్లే ఆ బస్సులు చాలామందికి తెలిసే ఉంటాయి. డిక్కీలో బియ్యం మూటలు, గ్యాస్ సిలిండర్లు, పెద్ద గిన్నెలు, పచ్చడి డబ్బాలు. వెంట ఇద్దరు వంటవాళ్లు. ఎక్కడ దిగితే అక్కడే పొయ్యి వెలుగుతుంది. మొదటి రోజు పొద్దున సత్రం వరండాలో వంటాయన అల్లం, పచ్చిమిరపకాయలు తరుగుతుంటే అత్తయ్యగారు కొంగు నడుముకు దోపి అక్కడికి వెళ్లారు. “మీరు కూర్చోండి పిన్నిగారూ, పది నిమిషాల్లో ఉప్మా అయిపోతుంది” అన్నాడాయన. ఆవిడ కూర్చోలేకపోయారు. గిన్నెల చుట్టూ తిరిగారు, రవ్వ వేగిందో లేదో తొంగి చూశారు, పళ్లేలు తుడవబోయారు. అలా రెండు రోజులు గడిచాయి. ఆ తర్వాతి పొద్దున స్టీలు గ్లాసులో కాఫీ అందుకుని, మెట్టు మీద కాళ్లు చాపుకుని, వేడి చల్లారకముందే ఆఖరి చుక్క దాకా తాగారు. “ఇంకోళ్లు చేసి ఇచ్చిన కాఫీ ఎంత బాగుంటుందో అమ్మాయ్” అన్నారు. విశ్వనాథుడి దర్శనం తలచుకుంటే ఇప్పటికీ ఆవిడ కళ్లు చెమరుస్తాయి. ఊరికి వచ్చాక పక్కింటావిడకు దర్శనం గురించి చెబుతూ చెబుతూ ఆ కాఫీ గురించి కూడా చెప్పారు. పెళ్లయిన నాటి నుంచీ పొయ్యి ముందు నిలబడిన మనిషికి పుణ్యం, విశ్రాంతి ఒకే బస్సులో దొరికాయి.

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలన్న ఆనవాయితీ మనవాళ్లలో ఉంది. అక్కడి ఆంధ్రాశ్రమంలో దిగి ఆ తొమ్మిది రాత్రులూ గడిపి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పొద్దున గంగాస్నానం, దర్శనం, భోజనం, సాయంత్రం ఏదో ఒక ఘాట్ మెట్ల మీద కూర్చోవడం. నాలుగో రోజుకు పాలవాడు గుర్తుపడతాడు, ఆరో రోజుకు సందులు తెలిసిపోతాయి. తొమ్మిది రోజుల్లో తొమ్మిది ఊళ్లు చూపించే ప్యాకేజీలో ఇది దొరకదు. ఒకే ఊళ్లో పాతుకుపోయి ఉండటాన్ని పెద్దలు పుణ్యం లెక్కలో చేర్చారు. దాంట్లో విశ్రాంతి కూడా ఉందని నా నమ్మకం.

తిరిగి తిరిగి చూడటంలోని ఆనందం తక్కువని మాత్రం అనను. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. కుటుంబం, పరివారం కలిపి సుమారు వందమంది. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ఏ ఊళ్లో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, దారి ఎలా ఉంది అన్నవన్నీ రాసుకుంటూ పోయాడు. ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. కోర్టులో ఏళ్ల తరబడి ఇతరుల మాటలు భాష మార్చి చెప్పిన మనిషి ఆయన. ఆ పుస్తకంలో తన కళ్లతో చూసింది తన మాటల్లో చెప్పాడు. ఆయన సెలవు అందులోనే ఉందనిపిస్తుంది నాకు. కొత్త ఊరు చూడగానే నోటుపుస్తకం తీసేవాళ్లంతా ఆయన వారసులే. వాళ్లను కూర్చోబెట్టడం కూడా అన్యాయమే.

ఒకే పెట్టెలో ఎన్ని రకాల సెలవులుంటాయో చూడాలంటే విశాఖపట్నంలో పొద్దున్నే అరకు వెళ్లే రైలెక్కాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసిన కొత్తవలస-కిరండోల్ లైను అది. సొరంగం వచ్చిందంటే పెట్టెంతా కేకలు. చీకటి మొదలవగానే పిల్లలు అరుస్తారు, వెలుతురు రాగానే తర్వాతిది ఎన్నోదని లెక్క మొదలుపెడతారు. ఒక మూల అంత్యాక్షరి. ఒక మూల పులిహోర పొట్లాలు విప్పుతుంటారు. కిటికీ పక్క ఒకాయన ఎవరితోనూ మాట్లాడకుండా లోయకేసి చూస్తూ ఉంటాడు. కేకలు పెట్టేవాళ్లకు ఆయన ముభావంగా కనిపిస్తాడు, ఆయనకు వాళ్లు గోలగా వినిపిస్తారు. అందరినీ మోసుకుంటూ రైలు మాత్రం శిమిలిగూడ దాకా దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఎవరి సెలవు వాళ్లు తీసుకుంటూ కలిసి ప్రయాణించవచ్చని చూపించడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

అమ్మమ్మగారి ఊరి గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన తరం వేసవి జ్ఞాపకాలన్నీ అక్కడే ఉన్నాయి. మామిడితోపులు, చెరువు, డాబా మీద వరసగా పడకలు, ముంజెలు. ఆ వేసవిలోనే ఆవకాయ కూడా. తడి లేకుండా తుడిచిన కాయలు కత్తిపీట మీద టెంక పగిలేలా కొట్టడం, జీడి తీసి ముక్క ముక్కా గుడ్డతో తుడవడం, ఆవపిండి, కారం, ఉప్పు కొలవడం, జాడీలకు వాసెన కట్టడం. ఆ పనంతా జరుగుతూనే ఇంటినిండా దిగిన పిల్లలకు మూడు పూటలా పెట్టాలి. ఆ మే నెల పిల్లలకు స్వర్గం. అమ్మమ్మకు, ముఖ్యంగా అత్తకు ఏడాదిలోకెల్లా బరువైన నెల. ఆ రోజుల్ని నేను ప్రాణంగా దాచుకున్నాను. అందుకే ఆ స్వర్గాన్ని ఎవరి చేతులు నిలబెట్టాయో కూడా చెప్పాలనిపిస్తుంది. ఇప్పుడు పిల్లల్ని అక్కడికి పంపేవాళ్లు, వాళ్లతోపాటు వంటకు ఒక మనిషిని కుదిర్చే ఏర్పాటు కూడా చేయగలిగితే ఆ ఇంట్లో అందరికీ సెలవే.

సెలవు ఎవరో దయతలచి ఇచ్చేది కాదని కార్మికులు పోరాడి నిరూపించారు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు 1890లో ఆదివారం సెలవు సాధించుకున్నారు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 పనిరోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతిని, జీతంతో సెలవును మనిషి హక్కుగా రాసింది. ఇంటి వంటగదికి మాత్రం ఈ లెక్క ఏదీ వర్తించలేదు. అక్కడ సెలవు ఇవ్వాల్సింది మనమే. సముద్రం ఎదురుగా అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకుని, అందులో కుక్కరు పెట్టే పని మళ్లీ ఇంటి ఇల్లాలికే అప్పజెబితే ఆవిడకు మారింది కిటికీ ఒక్కటే.

విదేశాల నుంచి మూడు వారాలకు వచ్చే మన పిల్లల సంగతీ ఆలోచించాలి. వీసా స్టాంపింగు, పంటి డాక్టరు, బ్యాంకు పని, రెండు పెళ్లిళ్లు, పిలిచిన ప్రతి ఇంట్లో భోజనం. ఒక్క పూట ఖాళీ ఉండదు. విమానం ఎక్కేనాటికి వచ్చినప్పటికంటే ఎక్కువ అలసిపోయి ఉంటారు. వాళ్లను చూడాలన్న మన ఆరాటంలో తప్పు లేదు. మనమే వాళ్లు దిగిన ఇంటికి వెళ్లి చూసి వస్తే వాళ్లకు ఒక రోజు మిగులుతుంది.

నెదర్లాండ్స్ పరిశోధకులు 1,530 మందిని అడిగి తెలుసుకుని 2010లో ప్రచురించిన విషయం ఒకటి నా మనసులో నాటుకుపోయింది. సెలవుకు వెళ్లబోయేవాళ్లు మిగిలినవాళ్లకంటే ముందు నుంచే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం చాలామందిలో ఆ తేడా మిగల్లేదు. ఎంతో విశ్రాంతిగా గడిచిందని చెప్పినవాళ్లలోనే అది కాస్త నిలిచింది, అదీ కొద్ది వారాలే. ఖర్చు పెట్టి, తిరిగి, వచ్చి మళ్లీ మొదటికే రావడం ఎందుకు జరుగుతుందో నాకు దీంతో అర్థమైంది.

మా ఇంట్లో ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి చెబుతాను. ఊరి పేరు ఎవరూ ఎత్తకముందే ఒక సాయంత్రం అందరం కూర్చుని, ఎవరు దేనితో అలసిపోయారో వంతులవారీగా చెబుతాం. చెప్పినదానికి ఎదురు వాదన ఉండకూడదు. ఆ తర్వాతే ఊరు. ఏ ఊరైనా కనీసం మూడు రాత్రులు అక్కడే ఉంటాం. పొద్దున పూట అందరం కలిసి తిరుగుతాం, మధ్యాహ్నం భోజనమయ్యాక ఎవరి దారి వారిది. అప్పుడు నేను ఒక్కదాన్నే తెలియని బజార్లలో నడుస్తాను. ఇంట్లోనూ ఆఫీసులోనూ రోజంతా నా పేరు పిలుస్తూనే ఉంటారు, పిలిచేవాళ్లు లేని ఆ రెండు గంటలు నాకు గొప్ప సెలవు. టికెట్టు లేని, చూడవలసింది ఏమీ లేని ఒక రోజు మధ్యలో ఉంచుతాం. ప్రయాణంలో ఉన్నన్నాళ్లూ మా ఇంటి మనిషి ఎవరూ పొయ్యి వెలిగించరు. ఉద్యోగాలు మొదలయ్యే రోజుకు ఒక రోజు ముందే ఇంటికి చేరతాం. ఆ రోజు పెట్టెలు విప్పి మాసిన బట్టలు ఉతికి ఆరేసే పని అందరిదీ. ఆ పని ఒక్కరి మీద పడితే ఆ ఒక్కరి సెలవు గుమ్మంలోనే ముగిసిపోతుంది.

రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటోంది. మే నెల ప్రయాణానికి మార్చిలోనే పొద్దున 8 గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. అంతకుముందు ఒక సాయంత్రం ఇంట్లో అందరినీ అడగండి. ఎప్పుడూ సర్దుకుపోయే మనిషితో మొదలుపెట్టండి. నాదేముందిలే, మీ ఇష్టం అంటారు వాళ్లు. ఆ మాట దగ్గర ఆగిపోకుండా ఇంకోసారి అడగండి.