జనరల్ అనే మాట

మా దూలపల్లిలో కిరాణాకొట్టు బోర్డుమీద ‘జనరల్ స్టోర్స్’ అని ఉంటుంది. ఇక్కడికి దగ్గరలోనే హకీంపేట వైమానిక స్థావరం, బొల్లారం, సికిందరాబాదు కంటోన్మెంటు. ఆ ప్రపంచంలో ఇదే మాట సేనాధిపతి హోదా. ఉప్పూ పప్పూ అమ్మే చోటికీ, సైన్యాన్ని నడిపే మనిషికీ ఒకే మాట ఎట్లా వచ్చింది?

‘జనరల్’ మొదట విశేషణం. అన్నిటికీ వర్తించేది అని అర్థం. ఇంగ్లీషులో ‘క్యాప్టెన్ జనరల్’ అంటే ఒక్క దళానికి కాక సైన్యమంతటికీ నాయకుడు. కాలక్రమాన ముందరి మాట రాలిపోయి, విశేషణమే పదవి అయింది. మేజర్ లెఫ్టినెంటుకు పైవాడైనా, మేజర్ జనరల్ లెఫ్టినెంట్ జనరల్‌కు కిందివాడు. ఎందుకంటే అతడు మొదట ‘సార్జెంట్ మేజర్ జనరల్’. కనుక ఈ మాటలో పొగడ్త లేదు. అధికారం ఎంతదూరం పోతుందన్న లెక్క మాత్రమే ఉన్నది.

మన రచయితలు ఈ లెక్కను మరచి, జనరల్‌ను ‘మహాసేనాని’ చేస్తున్నారు. దానివల్ల వచ్చే చిక్కు ఏమిటో 1948 చరిత్ర చెబుతుంది. ఆ సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. చౌదరి మిలిటరీ గవర్నరైనాడు. ఇదంతా రాసిన కలమే, పక్క వాక్యంలో ఆ ఘటనను ‘పోలీసు చర్య’ అంటున్నది! పోలీసులకూ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఉన్నాడు గదా అనవచ్చు. కాని ఆయన వెంట ఆర్మర్డ్ డివిజన్ నడవదు; చౌదరి వెంట నడిచింది.

విజయం చెప్పేటప్పుడు జనరల్, బాధ్యత చెప్పేటప్పుడు పోలీసు — ఇదేం న్యాయం? ఆ రోజులలోనూ, ఆ తర్వాతా 27,000 నుండి 40,000 మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. సైనికులలో కొందరు దోపిడీలలో పాల్గొన్నారనీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రచురణకు నోచుకోలేదు. రజాకార్ల దౌర్జన్యాలు నిజమే; అవి ఈ లెక్కను చెరపలేవు. తెలంగాణా రైతు దళాలపైకి కూడా సైన్యం మళ్లింది. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఆ పల్లెలు నిర్బంధాన్ని చవిచూశాయి.

అందుచేత నా మనవి ఇది. హైదరాబాదు చరిత్ర రాసేవారు ‘జనరల్’ అని రాస్తే ‘సైనిక చర్య’ అనీ రాయాలి. అందరిమీదా అధికారం చెల్లించే మాట, అందరి విషయంలోనూ జవాబు చెప్పవలసిన మాట కూడా.