మెష్ మీద పట్టు

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే జాతీయ రహదారి మీద ఎడ్లపాడు వస్తుంది. కొండవీడు ఆ మండలంలోనిదే. రెడ్డిరాజుల రాజధానిగా, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గంగా ఆ పేరు చరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. ఆ రాయలు ఏలిన విజయనగర కాలపు రాతి మండపాల్లో తరచూ కనబడే స్తంభం ఒకటుంది: కింద చదరపు దిమ్మె, నడుమ ఎనిమిది పలకల భాగం, పైన మళ్లీ చదరపు దిమ్మె. అలాంటి స్తంభం చదరపు రాయిలోంచే పుడుతుంది. నడిమి భాగంలో నాలుగు మూలలూ చెక్కేస్తే, మూల పోయిన ప్రతిచోటా కొత్త పలక తేలుతుంది. అడుగు వెడల్పున్న స్తంభమైతే ప్రతి మూలకూ అటూ ఇటూ మూడున్నర అంగుళాల దగ్గర గీత గీసి చెక్కితే ఎనిమిది పలకలూ ఇంచుమించు సమానంగా వస్తాయి.

ఇదే స్తంభాన్ని బ్లెండర్‌లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేయాలంటే దారి ఇంతకంటే వేరేమీ కాదు. తెరవగానే ఎదురయ్యేది ఒక ఘనం. దానికి 8 మూలబిందువులు, 12 అంచులు, 6 ముఖాలు. ఆ పని చేసేవాళ్ల మాటల్లో వర్టెక్సులు, ఎడ్జిలు, ఫేసులు. వీటి అల్లికే మెష్. ఘనాన్ని నిలువునా సాగదీసి అడ్డంగా రెండు కోతలు వేస్తే మూడు అంతస్తులు తయారవుతాయి. చెక్కాల్సింది నడిమి అంతస్తు మూలల్ని మాత్రమే. అంటే మొత్తం మెష్‌లో నాలుగంటే నాలుగు నిలువు ఎడ్జిలు పట్టుకోవాలి. వాటిలో కనీసం ఒకటి ఎప్పుడూ స్తంభం వెనకే దాక్కుని ఉంటుంది.

కొత్తవాళ్లు బొమ్మను తిప్పుతూ, షిఫ్ట్ నొక్కుతూ, ఒక్కొక్కటే ఏరుతారు. స్తంభం ఒకటే అయితే ఫరవాలేదు. చెయ్యి తిరిగినవాళ్లు కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కి ఒక్క నిలువు ఎడ్జి మీద క్లిక్ చేస్తారు. నాలుగూ ఒకేసారి వెలుగుతాయి. దీన్ని ఎడ్జ్ రింగ్ అంటారు. కంట్రోల్ వదిలేసి ఆల్ట్ ఒక్కటే నొక్కి అదే ఎడ్జి మీద క్లిక్ చేస్తే జరిగేది వేరు: స్తంభం అడుగు నుంచి కొస దాకా ఆ ఒక్క మూల గీత పొడవునా వెలుగుతుంది. అది ఎడ్జ్ లూప్. క్లిక్ చేసిన చోటు ఒకటే, తోడున్న మీటలోనే తేడా. ఒకటి స్తంభం చుట్టూ తిరుగుతుంది, ఇంకొకటి స్తంభం వెంట ఎక్కుతుంది. రింగును పట్టుకుని బెవెల్ చేస్తే, అంటే ఆ అంచుల్ని చెక్కేస్తే, నడిమి భాగం ఎనిమిది పలకలవుతుంది. లూప్‌ను పట్టుకుని బెవెల్ చేస్తే ఒక మూల మొత్తం ఊడి, స్తంభం వికారంగా తయారవుతుంది.

త్రీడీ మోడలింగ్ నేర్పే వీడియోల్లో ఈ సెలెక్షన్ పాఠానికి దక్కేది మొదటి పది నిమిషాలే. తర్వాత అందరూ మెరిసే మెటీరియల్స్ దగ్గరికి పరుగెడతారు. అది తప్పుడు లెక్క. పక్కన కూర్చుని ఏ మోడలర్ పని గమనించినా రోజులో సగం వాళ్లు చేసేది ఏదో ఒకటి పట్టుకోవడం, వదలడం, ఇంకొంచెం పట్టుకోవడమే. కదిలించడం, కోయడం, సాగదీయడం ఆ తర్వాత క్షణాల్లో అయిపోతాయి.

ఒక్క క్లిక్‌తో నాలుగు ఎడ్జిలు ఎలా వెలిగాయి? దీనికి మూలం 1972లో ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ బామ్‌గార్ట్ అనే పరిశోధకుడు వింగ్డ్ ఎడ్జ్ అనే పద్ధతిని రాసిపెట్టాడు. బొమ్మను బిందువుల జాబితాగా దాచిపెట్టడంతో సరిపెట్టకుండా, ప్రతి ఎడ్జికీ దాని ఇరుగుపొరుగును గుర్తుండేలా చేయడం అందులోని కిటుకు. తన రెండు కొసల్లో ఉన్న వర్టెక్సులు, తనకు రెండు పక్కల ఉన్న ఫేసులు, ఆ ఫేసుల్లో తన ముందూ వెనకా వచ్చే నాలుగు ఎడ్జిలు. ఇవి తెలిస్తే చాలు, కంప్యూటర్ మెష్ మీద నడవగలదు. తర్వాత వచ్చిన హాఫ్ ఎడ్జ్ లాంటి పద్ధతులూ, బ్లెండర్‌లో 2012 ఏప్రిల్‌లో 2.63 వెర్షన్‌తో వచ్చిన బీమెష్ కూడా పొరుగును గుర్తుపెట్టుకునే ఆ కుటుంబానివే.

నడక నియమం చాలా సరళం. లూప్ నడిచేటప్పుడు వర్టెక్స్ దగ్గరికి చేరగానే అక్కడ సరిగ్గా నాలుగు ఎడ్జిలు కలుస్తున్నాయా అని చూస్తుంది. కలిస్తే ఎదుటి ఎడ్జిలోకి సాగిపోతుంది. మూడో, అయిదో ఉంటే ఏది ‘ఎదురు’ అన్నది తేలదు కాబట్టి ఆగిపోతుంది. రింగు నడిచేటప్పుడు చూసేది ఫేసుని. నాలుగు భుజాల ఫేసుకి ఎదుటి భుజం ఉంటుంది, దూకుతుంది. త్రిభుజంలో ఎదుటి భుజమే లేదు, ఆగుతుంది. చతుర్భుజాల మెష్ అంటే మోడలర్లకు ఉన్న మమకారమంతా ఇక్కడి నుంచే వచ్చింది. పైన చెప్పిన స్తంభంలోనే చూడొచ్చు: బెవెల్ అయ్యాక దిమ్మె, ఎనిమిది పలకల భాగం కలిసే చోట చక్కటి నాలుగు ఎడ్జిల కూడలి మిగలదు. కాబట్టి ఇందాక కింది నుంచి పైదాకా ఎక్కిన లూప్ ఇప్పుడు ఎక్కదు. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత అన్న ముందుచూపు మోడలర్‌కు కావలసింది ఇందుకే. మెష్‌ను ఎలా అల్లితే తర్వాత అలా పట్టుబడుతుంది.

ఇలాంటి సదుపాయాలేవీ లేని రోజుల్లో ఆ గీతలు నిజం వస్తువు మీదే గీసేవాళ్లు. అదే 1972లో యూటా విశ్వవిద్యాలయంలో ఐవాన్ సదర్లాండ్ తన ఇంటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును విద్యార్థులకు అప్పజెప్పాడు. వాళ్లు కారు ఒంటి మీద బహుభుజాలు గీసి, ప్రతి మూలనూ కొలబద్దలతో కొలిచి, అంకెల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎక్కడ గీత పడాలి, వంపు దగ్గర ఎన్ని ముక్కలు కావాలి అన్న నిర్ణయాలన్నీ కారు పక్కన నిలబడే జరిగాయి.

ఇప్పటి బ్లెండర్‌లో మీటల వరస మీద 1, 2, 3 నొక్కితే వర్టెక్స్, ఎడ్జ్, ఫేస్ మోడ్‌లు మారతాయి. త్రీడీఎస్ మాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి మెట్లు అయిదు. మూడోది బోర్డర్, అంటే మెష్‌లో తెరుచుకుని ఉన్న రంధ్రపు అంచు. మాయా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఎడ్జి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే లూప్ వస్తుంది. పేర్లు, మీటలు మారినా ఆలోచన ఒకటే. పెట్టె గీసి పట్టడం, తాడు విసిరినట్టు చుట్టి పట్టే లాసో, పట్టుకున్నదాన్ని చుట్టూ ఒక వరస పెంచే గ్రో, తగ్గించే ష్రింక్, ఒక ఫేసుని చూపించి అదే వైశాల్యమున్నవన్నీ తెమ్మనే సెలెక్ట్ సిమిలర్, పట్టినదాన్ని వదిలి వదిలినదాన్ని పట్టే ఇన్వర్ట్ అన్నిట్లోనూ ఏదో రూపంలో ఉన్నాయి.

వీటిలో కొత్తవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది పెట్టె. స్తంభానికి ఎదురుగా నిలబడి పైదిమ్మె చుట్టూ పెట్టె గీస్తారు. అంతా నారింజ రంగులో వెలిగినట్టే ఉంటుంది. పైకి లాగుతారు, ఎదురు నుంచి చూస్తే పొడవు పెరిగింది, బాగానే ఉంది. పావుగంట తర్వాత బొమ్మను తిప్పి చూస్తే వెనక వర్టెక్సులు ఎక్కడివక్కడే ఉంటాయి. దిమ్మె ముందుకు నిక్కి, వెనక కుంగి కనబడుతుంది. మామూలు చూపులో పెట్టె కంటికి కనబడేవాటినే పట్టుకుంటుంది మరి. ఆల్ట్, జెడ్ నొక్కి ఎక్స్‌రే పెట్టుకుంటే వెనకవి కూడా చిక్కుతాయి. దీనికి తిరకాసు మరోవైపు కూడా ఉంది: ముందు పలక మీద చెక్కడం సరిచేస్తుండగా ఎక్స్‌రే ఉండిపోతే వెనక పలక కూడా చెడుతుంది. అక్కర్లేనిదాన్ని పట్టుకుని హెచ్ నొక్కి దాచేయడం పాతకాపులు చేసే పని. దాచినదాన్ని ఏ పెట్టే ముట్టుకోదు.

ఫోటోల నుంచి తయారయ్యే మెష్ దగ్గర ఈ కథ అడ్డం తిరుగుతుంది. మెష్‌రూమ్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోన్ పట్టుకుని ఒక రాతి స్తంభం చుట్టూ ఒకదానిమీదొకటి కలిసేలా ఫోటోలు తీసి అందులో వేస్తే, అది ఆకారాన్ని లెక్కగట్టి లక్షల త్రిభుజాల మెష్ ఇస్తుంది. చూడటానికి అచ్చం రాయే. ఆల్ట్ నొక్కి క్లిక్ చేస్తే మాత్రం లూప్ ఒక్క అడుగు కూడా కదలదు. త్రిభుజాల మెష్‌లో ఒక వర్టెక్స్ దగ్గర సగటున ఆరు ఎడ్జిలు కలుస్తాయి. నాలుగు కలవాలనే నియమం అక్కడ చెల్లదు. అలాంటిచోట వేరే పట్లు పడాలి. గాలిలో తేలే తునకలు ఈ మెష్‌లలో మామూలే: స్తంభం మీద మౌస్ ఉంచి ఎల్ నొక్కితే దానితో అతుక్కుని ఉన్నదంతా వస్తుంది, దాన్ని ఇన్వర్ట్ చేస్తే తునకలన్నీ చేతిలో ఉంటాయి, తీసి పారేయొచ్చు. కెమెరా చూడలేకపోయిన చోట్ల పడిన కంతల్ని నాన్ మేనిఫోల్డ్ అనే ఆదేశం వెతికిపెడుతుంది. ఒకే ఫేసుకి అంటుకుని మిగిలిన ఎడ్జిల్ని అది ఏరుతుంది. త్రీడీ ప్రింటింగ్‌కి పంపేవాళ్లు ముందుగా చేయాల్సిన పరీక్ష కూడా ఇదే.

అప్పటికీ ఆ మెష్‌తో పని సాగకపోతే పైన కొత్త చతుర్భుజాలు పరుచుకుంటూ మళ్లీ అల్లాలి. దీనికి రీటోపాలజీ అని పేరు. చాలామందికి విసుగు పుట్టించే పని. కానీ మోడలర్ చదువు ఎంతవరకు వచ్చిందో తేలేది ఇక్కడే: యంత్రం కొలతలు తెచ్చిపెడుతుంది, పలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దానికి పట్టదు.

పట్టుకునే అలవాట్ల సంగతి వస్తే బ్లెండర్ వాళ్ల గొడవ ఒకటి చెప్పుకోవాలి. 2.79 వెర్షన్ దాకా అందులో మొదటి అమరిక ప్రకారం కుడి క్లిక్‌తోనే సెలెక్ట్ చేయాలి. లోకమంతా ఎడమ క్లిక్ వాడుతుంటే ఇదేం చోద్యమని బయటివాళ్లు నవ్వేవాళ్లు. లోపలివాళ్ల వాదనలోనూ పస ఉంది: పట్టుకోవడానికి ఒక వేలు, చేయడానికి ఒక వేలు ఉంటే ఒకటి చేయబోయి మరొకటి కదిపే ప్రమాదం తగ్గుతుందని వాళ్ల మాట. 2019 జూలైలో వచ్చిన 2.80 ఎడమ క్లిక్‌నే మొదటి అమరికగా చేసింది. కుడి క్లిక్ మాత్రం ప్రిఫరెన్సెస్‌లో భద్రంగా ఉంది, వాడేవాళ్లూ ఉన్నారు.

స్తంభం కదలదు. కదిలే ప్రాణి అయితే సెలెక్షన్ బరువు పెరుగుతుంది. తెలుగువాళ్లకు దీనికి ‘ఈగ’ను మించిన ఉదాహరణ లేదు. 2012 జూలై 6న విడుదలైన ఆ సినిమాకు హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ బహుమతి అందుకుంది. తలలో ఎక్కువ భాగం కళ్లే ఆక్రమించిన ఆ ప్రాణికి మొహంలో కోపమో నవ్వో చూపించే వీల్లేదు. పగ, వేడుక, బెదిరింపు అన్నీ కాళ్లతోనూ, ఒంటి విరుపుతోనూ పలికించాలి. మోడలింగ్‌లో దీనికో లెక్క ఉంది: వంగే ప్రతి కీలు దగ్గరా కనీసం మూడు లూపులు ఉండాలి. నడిమిది మడత దగ్గర నిలబడితే, అటూ ఇటూ ఉన్నవి కాలు మందాన్ని కాపాడతాయి. ఒక్కటే ఉంటే కీలు దగ్గర కాలు నలిగిన గొట్టంలా నొక్కుకుపోతుంది. ఏ కీటకాన్ని మోడల్ చేసినా ఆరు కాళ్లు, ఒక్కో కాలికి నాలుగైదు కీళ్లు. ఆ లూపులన్నీ ఒక్క క్లిక్‌తో చిక్కేలా ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే తర్వాతివాళ్ల పని గంటల్లో తేలుతుందో, రోజులు పడుతుందో ఉంటుంది.

తర్వాతివాళ్లంటే ఊరికే అన్న మాట కాదు. పెద్ద స్టూడియోల్లో మెష్ చేసినవాళ్లే దానికి ఎముకలు అమర్చరు, ఎముకలు అమర్చినవాళ్లే ఆడించరు. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు లాస్ ఏంజెలస్‌తోపాటు హైదరాబాద్, ముంబైల్లోనూ స్టూడియోలుండేవి. 2013 ఫిబ్రవరిలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. అదే నెలలో సంస్థ దివాలా పిటిషన్ కూడా వేసింది. ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫైలు వెళ్లే ఇలాంటి పనిలో సెలెక్షన్‌ను కూడా దాచిపెట్టి పంపాలి. బ్లెండర్‌లో దానికి వర్టెక్స్ గ్రూపులున్నాయి. ముందుకాలి మొదటి కీలు వర్టెక్సుల్ని ఒకసారి పట్టుకుని, అసైన్ చేసి, పేరు పెడితే ఎప్పుడు కావాలన్నా సెలెక్ట్ బటన్ నొక్కితే వచ్చేస్తాయి. పేరు చివర చుక్క పెట్టి ఎల్, ఆర్ అని చేరిస్తే కుడి ఎడమల జతను సాఫ్ట్‌వేర్ తనే గుర్తుపట్టి ఒకవైపు చేసిన పనిని రెండోవైపుకి మార్చిపెడుతుంది. పేరు పెట్టే ఓపిక లేకపోతే అది తనంతట తానే ‘గ్రూప్’, ‘గ్రూప్.001’, ‘గ్రూప్.002’ అని పెట్టుకుంటూ పోతుంది. ఫైలు అందుకున్నవాళ్లు ఒక్కోదాన్నీ నొక్కి, ఏ కాలు వెలుగుతుందో చూసుకుంటూ కూర్చోవాలి.