వీరాస్వామయ్యగారి త్రాసు

పరదేశయాత్ర యనఁగానే మనకు ఓడ తలఁపునకు వచ్చును. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారికి కందనూరు, నైజాము, నాగపురపు రాజ్యములే పరదేశములు. మజిలీల దూరము, బాటల మంచిచెడ్డలు, అంగళ్లలో దొరకు దినుసులు, అన్నియు విడువక వ్రాసిరి. పుణ్యమునకై పోవువారి కింత లోకదృష్టి యుండుట మాకు మిక్కిలి ముచ్చట.

అయితే వారి త్రాసు ఒకచోట మొగ్గును. శ్రీశైలమున యాత్రికులయొద్ద పన్ను గొని గుడిని పట్టించుకొనని నవాబును తప్పుపట్టిన కలము, తిరుమల రాబడి గైకొనుచున్న కుంపిణీయెడ మెత్తబడినది. సుప్రీముకోర్టు దుభాషికి అది సహజమే కావచ్చును. పొరుగు రాజ్యమును తూచునప్పుడే వారి చెన్నపట్టణపు నమ్మకములు మనకు బయటపడుచున్నవి. పల్లకి మోసిన బోయీల కన్నులకు ఆ రాజ్యము లెట్లు కనబడెనో, 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో మాకు దొరకలేదు.