అరమెట్టు దిగిన శ్రుతి

కాటి సీనుకు తెర లేవబోతోంది. రాత్రి మూడు దాటింది. చెరుకుపల్లి మినుప చేల మీదుగా మంచు దిగుతోంది. బరకాల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగులు తలల మీదికి లాక్కున్నారు. పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయారు. తెర వెనక హార్మోనిస్టు శ్రుతి అరమెట్టు దించాడు. అది చెవిన పడగానే ముందు వరసలోని ముసలివాళ్లు నలుగురైదుగురు చేతికర్రలు పక్కన పెట్టి నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. వాళ్లకెవరూ ఏమీ చెప్పలేదు. రాత్రంతా పాడిన గొంతు అలిసిపోయిందనీ, ఆ అలసటతోనే హరిశ్చంద్రుడు కాటికి వస్తున్నాడనీ ఆ అరమెట్టే చెప్పింది.

చిన్నప్పటినుంచి పద్యనాటకాలు చూస్తున్నవాణ్ణి. జనం ఇంతగా చెవులొగ్గి కూర్చున్న రాత్రి నాకు మరొకటి జ్ఞాపకం లేదు.

బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్రీయం మా వైపు వాళ్లకి ఇంటి సొత్తు. ఆయన పుట్టిన ఇటికంపాడు బాపట్ల దగ్గరి ఊరు. నాటకం రాసింది 1912లో. స్థానం నరసింహారావుగారు 1920లో బాపట్లలో చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ వేషం కట్టి రంగస్థలం మీదికి వచ్చారు. తరవాత తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామగా తెలుగుదేశాన్ని మురిపించారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన తొలి అడుగు మాత్రం ఈ నాటకంలోనే, ఈ నేల మీదే పడింది. వేమూరి గగ్గయ్యగారి వేమూరు పొరుగునే ఉంది. తుమ్మల సీతారామమూర్తిగారు పుట్టిన కావూరు చెరుకుపల్లి మండలంలోదే. నాగలి పట్టిన చేత్తోనే తాళం వేస్తూ రాగం ఎక్కడ జారిందో చెప్పగల రైతులు ఇక్కడ ఇప్పటికీ ఉన్నారు.

అలాంటి చోట కూడా ఈ నాటకాన్ని మనం ముక్కలు చేసుకున్నాం. తిరునాళ్లకు వేరే నాటకాల నుంచి ఒక రాయబారం సీను, ఒక గయోపాఖ్యానం సీను, చివర దీన్నుంచి ఒక కాటి సీను. మొత్తం ఆడినా హరిశ్చంద్రులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అడవికి ఒకరు, వారణాసికి ఒకరు, కాటికి పేరున్న నటుడు. వచ్చినాయన తాజా గొంతుతో వచ్చి, పద్యాలు పాడి, ఈలలు వేయించుకుని కారెక్కి వెళ్లిపోతాడు. జనం కూడా ఆ వేళకే లేచి వస్తారు. రాజ్యం పోగొట్టుకున్న రాజును మనం చూడం. కాటికాపరినే చూస్తాం. ఏం పోయిందో చూడనివాడికి ఆ దుఃఖం లోతు ఎలా అందుతుంది?

ఈసారి అలా చేయలేదు. ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల పంతం దగ్గర మొదలుపెట్టి చివరిదాకా ఆడారు. హరిశ్చంద్రుడు ఒక్కడే. కొత్తదనమంతా అక్కడే ఉంది. రంగుల పరదాలు పాతవే, కిరీటాలు డ్రెస్సుల కంపెనీవే. కానీ సింహాసనం మీద చూసిన మనిషినే వల్లకాట్లో చూశాం. ఆ మనిషి గొంతే మారింది.

రాజసభలో ఆయన మోహనలో పద్యం ఎత్తుకుంటే పై షడ్జం మీద గొంతు గంటలా నిలిచింది. ఈలలు పడ్డాయి. చదివింపులు మొదలయ్యాయి. అడవిలో విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు బాకీ కోసం సతాయిస్తుంటే జనం పడీపడీ నవ్వారు. నక్షత్రకుడి వేషం వేసినాయన నడుం మీద చేయి వేసుకుని నిలబడే తీరు, ఒక అడుగు నడిచి రెండు అడుగులు ఆగే తీరు, అప్పు వసూలుకు ఇంటి ముందు కూర్చునే మనిషిని కళ్ల ముందు నిలబెట్టింది. మా పక్కన ఒకామె నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి మౌనమైపోయింది. అప్పు ఎరిగిన ఇల్లాలు కాబోలు. ఆ నవ్వు ముందు ఉండబట్టే తరవాతి ఏడుపుకు చోటు దొరికింది. కాటి సీను ఒక్కటే ఆడితే ఈ నవ్వు పోతుంది, దాంతో సగం కరుణా పోతుంది.

వారణాసి నడివీధిలో ఆలిని అమ్మకానికి పెట్టిన పద్యానికి రెండుసార్లు వన్స్ మోర్ అడిగారు. పట్నం వాళ్లు కొందరికి ఇది రసభంగంగా కనిపిస్తుంది. ఏడుస్తున్న పాత్రను ఆపి మళ్లీ పాడమనడం ఏమిటంటారు. వాళ్లు ఆ పద్యాన్ని మూడుసార్లూ శ్రద్ధగా విని ఉండరు. మొదటిసారి ఆయన పద్యాన్ని బజారుకు వినిపించేలా పాడాడు, అమ్మేవాడి కేక అది. రెండోసారి చంద్రమతి వైపు తిరిగి పాడాడు, అదే మాట క్షమాపణగా మారింది. మూడోసారి రాగం దాదాపు వదిలేశాడు. మాట మీద మాట పేర్చుకుంటూ, తనకు తనే చెప్పుకున్నాడు. అక్షరం మారలేదు, అర్థం మూడు మెట్లు దిగింది. ఆ దిగుడుబావికి మెట్లు కట్టినవాళ్లు కింద కూర్చున్న జనం. వాళ్లు అడగకపోతే రెండోదీ మూడోదీ పుట్టేవే కావు. సహృదయుడంటే సమానమైన హృదయం ఉన్నవాడని మన అలంకారికులు చెప్పింది ఇలాంటి జనాన్ని గురించే.

అసలు ఈ నాటకం ఇవాళ ఉన్న రూపంలో సగం ప్రేక్షకుల చేతి పని. కాటి సీనులో జనం గుండెల్లో నాటుకుపోయిన పద్యాలు బలిజేపల్లివారివి కావు, గుర్రం జాషువాగారివి. వినుకొండలో పుట్టి, అంటరానితనం చేదు తాగిన కవి శ్మశానవాటి మీద రాసిన ఖండిక అది. నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు, జనం పోనివ్వలేదు. కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయి, కులం గోడ అవతల నిలబడ్డ చక్రవర్తి నోట ఆ గోడ అవతలే పుట్టిన కవి పద్యం పలుకుతుంటే ఇంతకన్నా తగిన చోటు దానికి ఎక్కడ దొరుకుతుంది? రాజూ పేదా, కవీ, పసిపాపా అందరూ ఒకే మట్టిలో కలిసే చోట నిలబడి చక్రవర్తి ఆ పద్యాలు పాడినప్పుడు చెరుకుపల్లి జనం ముందు ఈల వేశారు, తరవాత ఈల మానేశారు. అలిసిన గొంతులోని జీర ఆ పద్యాలకు తగిన పక్కవాద్యమైంది. తాజా గొంతుతో వచ్చే కాటి సీను నటుడికి ఈ జీర ఎంత సాధన చేసినా రాదు. ఆరుగంటలు నాటకం ఆడితే వస్తుంది.

చంద్రమతి కొడుకు లోహితుణ్ణి చేతుల మీద వేసుకుని వచ్చింది. వేషం కట్టినామె పరుగెత్తుకు రాలేదు, రొమ్ము బాదుకోలేదు. నిద్రపోయిన పిల్లాణ్ణి మంచం దాకా మోసుకొచ్చినట్టు వచ్చి, నేల మీద పడుకోబెట్టి, వాడి కాలికి అంటిన మట్టి తుడిచింది. దర్భల కోసం అడవికెళ్లిన కాలు, పాము కరిచిన కాలు. తరవాతే పద్యం ఎత్తుకుంది. ముఖారిలో మొదటి పాదం సాగగానే మా పక్క బరకం మీది ఆడవాళ్లలో కొందరు ఒళ్లో నిద్రపోతున్న పిల్లల్ని తడుముకున్నారు. ఒకామె బిడ్డ తలకు కొంగు కప్పింది. నాటకంలోని దుఃఖం సాధారణీకరణం చెందుతుందని పుస్తకాల్లో చదివాను. చంద్రమతి బిడ్డ ఎవరి బిడ్డా కాడు, అందరి బిడ్డా అవుతాడని దాని భావం. ఆ రాత్రి దాన్ని కళ్లతో చూశాను.

పద్యం అయింది. అద్భుతంగా అయింది. వెనకనుంచి ఒక కుర్రాడు ఉత్సాహం పట్టలేక వన్స్ మోర్ అని కేకేయబోయాడు. మాట సగంలో ఉండగానే కర్ర పక్కన పెట్టుకున్న పెద్దాయన వెనక్కి తిరిగి, కోపం లేకుండా అన్నాడు.

“ఉండ్రా అబ్బాయ్. బిడ్డ చచ్చిపోయి ఉంటే వన్స్ మోర్ ఏందిరా.”

కుర్రాడు కూర్చున్నాడు. చదివింపులు చదివే మైకు కూడా ఆగిపోయింది. వారణాసిలో రెండుసార్లు అడిగిన జనమే వల్లకాట్లో ఒక్కసారీ అడగలేదు. ఎక్కడ అడగాలో తెలిసినవాళ్లకి ఎక్కడ ఊరుకోవాలో కూడా తెలుసు. నా లెక్కలో ఆ రాత్రి నాటకానికి దక్కిన అసలైన చదివింపు ఆ మౌనమే. కాటిసుంకం అడిగే భర్త, భర్తకు మాత్రమే కనిపించే మంగళసూత్రం, ఒకరినొకరు గుర్తుపట్టడం, అన్నీ ఆ మౌనంలోనే జరిగిపోయాయి. తబలా కూడా మెత్తబడింది.

గాంధీగారు చిన్నతనంలో హరిశ్చంద్ర నాటకం చూసి, దాన్ని తన మనసులో తానే ఎన్నిసార్లు ఆడుకున్నారో లెక్కలేదని ఆత్మకథలో రాసుకున్నారు. అది గుజరాతీ నాటకం, భాష వేరు, కవి వేరు. ఆ ఆత్మకథను తెలుగు పద్యాల్లోకి తెచ్చినవారు కావూరు బిడ్డ తుమ్మలవారు. కావూరు పక్కనే కూర్చుని ఈ నాటకం చూస్తున్నప్పుడు నాకు ఆ రాజకోట పిల్లవాడు గుర్తొచ్చాడు. వన్స్ మోర్ అని నోటితో అనకుండా బతుకంతా మళ్లీ మళ్లీ ఆడించుకున్న ప్రేక్షకుడు ఆయన.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అడవి సీనులో కీబోర్డు హోరుకు రెండు పద్యాల్లో మాట మునిగిపోయింది. హార్మోనియం, తబలా చాలు ఈ నాటకానికి. విశ్వామిత్రుడు ప్రతి పద్యం చివరా రాగాన్ని ఊపిరి ఆగేదాకా లాగాడు. కోపిష్ఠి మునికి అంత తీరిక ఉండదు. కాటి సీను మీద పడిన ఎర్ర నీలి లైట్లు అక్కర్లేదు. చితి వెలుగు, చీకటి ఉంటే సరిపోయేది. ఇవన్నీ సరిదిద్దుకోదగ్గవే. ఒకే నటుడు, పూర్తి నాటకం అన్న నిర్ణయం మాత్రం గట్టిది, సరైనది.

దేవతలు ప్రత్యక్షమై లోహితుడు లేచి కూర్చునేసరికి తూర్పు తెల్లబడింది. సైకిలు మీద పాలక్యాన్లతో వెళ్తున్న ఒకతను ఆగి, కాలు నేలమీద ఆనించి చివరి పద్యం విని వెళ్లాడు. ఆడవాళ్లు పిల్లల్ని భుజాన వేసుకుని లేచారు.

ఈసారి మీ ఊళ్లో తిరునాళ్లకి నాటకం మాట్లాడుతుంటే కమిటీ వాళ్ల దగ్గరికి వెళ్లండి. కాటి సీను ఒక్కటే వద్దని, హరిశ్చంద్ర మొత్తం కావాలని, హరిశ్చంద్రుడు ఒక్కడే కావాలని అడగండి. మీరు కూడా కాటి సీనుకు లేచి రాకండి. ఇంద్రసభకే వచ్చి కూర్చోండి.